బొమ్మలు గోడెక్కాకే రాయనివ్వండి

పెయింటింగ్‌లో మాస్టర్స్ చేసేవాళ్లకి ఆఖరి ఏడాది థీసిస్ ఉంటుంది. ఎక్కడ చదివినా తంతు ఇంచుమించు ఒకటే. ముందు ప్రపోజల్ రాయాలి, దాన్ని కమిటీ ఒప్పుకోవాలి, ఒప్పుకున్నాక దానికి తగ్గ బొమ్మలు వెయ్యాలి, మధ్యమధ్యలో రివ్యూలు, బొమ్మలతో పాటు బైండు చేయించిన ఒక రాతప్రతి, చివరికి ఎగ్జిబిషన్, ఆ హాల్లోనే వైవా. నాది ఈమధ్యే అయిపోయింది. బొమ్మలు దించి, చుట్టి, ఇంటికి తెచ్చేశాను. అంతా తాజాగా గుర్తున్నప్పుడే ఒక విషయం గట్టిగా చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను. ఈ తంతులో రాత ఉండాల్సిన చోట లేదు. ఇప్పుడది బొమ్మలకి ముందు ఉంది. అది రావాల్సింది బొమ్మల తర్వాత, అదీ అవి గోడెక్కి, నలుగురూ చూసి, దిగిన తర్వాత.

రాయడం మీద నాకేమీ కోపం లేదు. "బొమ్మే మాట్లాడుతుంది, నేను చెప్పడానికేం లేదు" అని చేతులు దులిపేసుకునేవాళ్లంటే నాకసలు పడదు. ఏళ్ల తరబడి ఒక పని చేసినవాళ్లకి ఆ పని గురించి చెప్పడానికి తప్పకుండా ఏదో ఉంటుంది, చెప్పడం రాకపోతే నేర్చుకోవాలి. నా గొడవంతా ఎప్పుడు రాయిస్తున్నారన్న దాని గురించే.

నేను ఎంచుకున్నది చెమ్మ పట్టిన గోడలు. సున్నం పొరలు ఊడి, కింద పాత రంగు బయటపడి, నీళ్లు దిగినచోట మ్యాపుల్లో గీతల్లాంటి అంచులు ఏర్పడి ఉంటాయి చూడండి, అవి. వాటి ముందు అలా ఉండిపోవడం నాకు చిన్నప్పట్నుంచీ ఉంది. ఇందులో నా ప్రత్యేకత ఏం లేదు, లియొనార్డో డా వించీ తన నోటుపుస్తకాల్లో మరకలు పడ్డ గోడల్ని బాగా చూడమనీ, వాటిలో కొండలూ నదులూ యుద్ధాలూ మొహాలూ దొరుకుతాయనీ చిత్రకారులకి సలహా ఇచ్చాడు. నాకు మాత్రం మరకలో ఇంకేదో వెతకాలని లేదు. మరకనే వెయ్యాలని ఉంది, మనిషంత ఎత్తున, తీరిగ్గా.

ఈ మాట ప్రపోజల్‌లో రాస్తే సరిపోదు. ఆ ఫారంలో 'పరిశోధనా సమస్య' అని ఒక గడి, 'సైద్ధాంతిక నేపథ్యం' అని ఒక గడి, 'ఆశించే ఫలితాలు' అని ఇంకో గడి ఉంటాయి. ఒక్క కాన్వాసు కూడా ఫ్రేముకి బిగించకముందే ఫలితాలు రాయాలి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. అందరిలాగే నేనూ రాశాను: గోడ అనేది మనుషుల జ్ఞాపకాల్ని దాచుకునే చర్మం, దాని మీది మరకలు ఇప్పుడు లేనివాళ్ల ఉనికి, ఇలా. చదవడానికి బావుంది. అబద్ధం కూడా కాదు. కమిటీకి నచ్చింది, వెంటనే ఆమోదం వచ్చింది.

అక్కణ్ణుంచి ఆ వాక్యం నా వెంటపడింది. ప్రతి రివ్యూలోనూ కొత్త కాన్వాసు ముందు నిలబడి అడిగే మొదటి ప్రశ్న, "ఇందులో జ్ఞాపకం ఎక్కడుంది?" ఒక సర్ ఇంకాస్త సాయం చేద్దామని, "ఆ పైమూల ఫోటో ఫ్రేము తీసేసిన గుర్తు ఒకటి వెయ్యమ్మా, విషయం అందరికీ తెలుస్తుంది" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ ఆ గుర్తు వేస్తే ఏమవుతుందో ఆలోచించండి. చూసేవాళ్లు గోడని చూడటం మానేసి కథ చదువుకుంటారు, ఎవరో ఉండేవారు, ఇప్పుడు లేరు, పాపం. రెండు క్షణాల్లో పని అయిపోతుంది. ఆ తర్వాత ఆ బొమ్మ ముందు నిలబడాల్సిన అవసరమే ఉండదు. "చూస్తాను సర్" అని ఊరుకున్నాను. వెయ్యలేదు.

స్టూడియోలో నిజంగా జరుగుతున్నది వేరు. నా పొద్దంతా బూడిదరంగులతో గడిచేది. నలుపూ తెలుపూ కలిపితే వచ్చే బూడిదరంగు చెమ్మగోడకి పనికిరాదు, కాన్వాసు మీద చచ్చుగా పడి ఉంటుంది. అల్ట్రామెరీన్ నీలం, రా అంబర్ అనే గోధుమరంగు కలిపి అందులో తెలుపు వేసుకుంటూ పోతే అసలైనవి వస్తాయి. అంబర్ కాస్త ఎక్కువైతే గోడ ఎండినట్టుంటుంది, నీలం కాస్త ఎక్కువైతే ఇప్పుడే తడిసినట్టుంటుంది. ఇంక తెలుపు దగ్గరే ఒక చదువుంది. టైటానియం తెలుపు దేనితో కలిపినా దాన్ని మింగేస్తుంది. జింకు తెలుపు పల్చగా, చల్లగా, కింది పొరని కనిపించనిస్తుంది, సున్నం పూతకి అంతకన్నా దగ్గరైంది ఇంకోటి లేదు, కానీ నూనెరంగులో అది ఏళ్లు గడిచేకొద్దీ పెళుసుబారి పగుళ్లిస్తుంది. పాతకాలం వాళ్లు వాడిన సీసం తెలుపు గట్టిగా ఉంటూనే సాగే గుణం ఉన్నది, కాకపోతే విషం. నేను చాలాచోట్ల టైటానియంలో చాక్ పొడి కలిపి దాని జోరు తగ్గించుకున్నాను.

నూనెరంగు ఆరే తీరు కూడా వేరు. నీళ్లరంగులో నీరు ఆవిరైపోతుంది, అంతే. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్ని పట్టుకుని గట్టిపడుతుంది, అందుకే ఆరే మొదట్లో దాని బరువు తగ్గే బదులు కొంచెం పెరుగుతుంది. పల్చటి పొర కొన్ని రోజుల్లో పట్టుకుంటుంది, మందపాటి పొర పైపైన తోలు కట్టి లోపల నెలల తరబడి మెత్తగానే ఉండిపోతుంది. కింది పొరల్లో నూనె తక్కువ, పైకొచ్చేకొద్దీ ఎక్కువ అనే నియమం ఇందుకే. గోడ కావాలంటే పొరలు కావాలి, పొరలు కావాలంటే ఆగాలి, ఆగాలంటే ఒకేసారి చాలా కాన్వాసులు పెట్టుకుని ఒకటి ఆరేలోపు ఇంకోదాని మీద పనిచెయ్యాలి. అలా చేస్తుండగా ఒకసారి బాగా ఆరిన పొర మీద కొత్త రంగు వేసి, నచ్చక, రంగులు కలిపే చాకుని, ప్యాలెట్ నైఫ్‌ని, దాదాపు పడుకోబెట్టి లాగాను. రంగు కాన్వాసు నేత గుంతల్లో మిగిలింది, నేత గట్ల మీంచి పోయింది. నెలల కిందట వేసిన పొర చుక్కలు చుక్కలుగా పైకి తేలింది. పెచ్చులు లేచిన సున్నం అచ్చం ఇలాగే ఉంటుంది. దాన్ని నేను బ్రష్షుతో ఎంత శ్రద్ధగా వేసినా రానిది, తీసెయ్యడంలో వచ్చేసింది. గోడ పొరలుగా తయారై పొరలుగా పాడవుతుంది కదా, బొమ్మని కూడా అదే వరసలో తయారుచేసి పాడుచెయ్యొచ్చని చేతికి తెలిసింది. నా థీసిస్ ఏమిటంటే అదీ.

ఇది ప్రపోజల్‌లో లేదు. ఉండే వీల్లేదు. ప్రపోజల్ రాసేనాటికి ఆ గీకుడు నాకు రాదు. బొమ్మలు వేసేవాళ్లకి ఆలోచన చాలావరకు రంగులోనే, చేతిలోనే పుడుతుంది, పుట్టాక దానికి మాటలు వెతుక్కుంటాం. మన కోర్సుల్లో ఆ ఆలోచన పుట్టకముందు మాటలు అడుగుతారు, పుట్టాక ఎవరూ అడగరు. అడగకపోగా పాత మాటలతో సరిపోల్చి చూస్తారు. అక్కడే నాకు మండుతుంది.

ఈ జబ్బు ఇవాళ్టిది కాదు. ఫ్రాన్స్‌లో 1663లో మొదలై 1968 దాకా ప్రి ద రోమ్ అని ఒక పోటీ ఉండేది. విద్యార్థి చిత్రకారులకి అంతకన్నా పెద్ద పరీక్ష లేదు, గెలిస్తే ప్రభుత్వ ఖర్చుతో కొన్నేళ్లు రోమ్‌లో ఉండి పనిచేసుకోవచ్చు. 19వ శతాబ్దంలో ఆఖరి రౌండుకి వచ్చినవాళ్లకి పురాణాల్లోంచో చరిత్రలోంచో ఒక విషయం ఇచ్చేవారు. ముందు దాని మీద చిన్న స్కెచ్ వేసి అప్పగించాలి, తర్వాత ఒక్కొక్కళ్లూ ఒక్కో గదిలో 72 రోజుల గడువులో పెద్ద బొమ్మ వెయ్యాలి. ఆ పెద్ద బొమ్మ మొదట ఇచ్చిన స్కెచ్‌కి కట్టుబడి ఉండాలి. అంటే ఆ గదిలో అన్ని రోజులు పనిచేస్తూ ఏదైనా కొత్తది తెలుసుకున్నా, అది బొమ్మలో కనిపించకూడదన్నమాట! ఆ పోటీ గొప్పవాళ్లని ఇవ్వలేదని అనడం లేదు, దవీద్ 1774లోనూ ఆంగ్ర్ 1801లోనూ గెలిచారు. కానీ 1816లో పోటీ చేసి ఓడిపోయిన జెరికో సంగతి చూడండి. సొంత ఖర్చుతో ఇటలీ వెళ్లొచ్చి, మెడూసా ఓడ ప్రమాదంలో తెప్ప మీద కొట్టుకుపోయినవాళ్ల బొమ్మ మొదలుపెట్టాడు. ప్రాణాలతో బయటపడ్డవాళ్లని కలిసి మాట్లాడాడు, తెప్ప నమూనా చేయించాడు, శవాల గదికి వెళ్లి చూసి వేసుకున్నాడు. కథలో ఏ ఘట్టం వెయ్యాలో తేల్చుకోవడానికే వరసగా స్కెచ్‌లు వేశాడు, తెప్ప మీద తిరుగుబాటు, మనుషులు మనుషుల్ని తినడం, రక్షించేవాళ్లు రావడం, ఇవన్నీ వేసి చూసి వదిలేసి, చివరికి దూరాన ఓడ కనిపించీ కనిపించని క్షణం దగ్గర ఆగాడు. మొదటి స్కెచ్‌కే కట్టుబడమనే పరీక్షలో ఆ బొమ్మ పుట్టే దారే లేదు.

అమృతా షేర్‌గిల్ కూడా నాకు తరచూ గుర్తొస్తుంది. పారిస్‌లో చదువుకునే రోజుల్లో, 1932లో, 'యంగ్ గర్ల్స్' వేసింది. 1933లో పారిస్ సలోన్ అనే పెద్ద ఎగ్జిబిషన్‌లో దానికి గోల్డ్ మెడల్ ఇచ్చారు. ఆ వయసు విద్యార్థికి అంతకంటే మంచి రిజల్ట్ ఏముంటుంది? 1934లో ఇండియాకి వచ్చేసింది. 1935లో వేసిన 'గ్రూప్ ఆఫ్ త్రీ గర్ల్స్' తీసి దాని పక్కన పెట్టండి. పారిస్ బొమ్మలోని గది, సామాను, బట్టల మెరుపు, వెలుగునీడల పనితనం అన్నీ పోయాయి, మిగిలింది ముగ్గురమ్మాయిలూ, చదునైన రంగులూ, ఒక మౌనం. 1932లో ఆమెకి ఒక ఫారం ఇచ్చి 'ఆశించే ఫలితాలు' రాయమంటే ఈ బొమ్మ గురించి రాయగలిగేదా? ఇరవై ఏళ్లు దాటీ దాటని పిల్లల్ని "నీ గొంతు ఏమిటో ముందు చెప్పు" అని నిలదీయడం నాకు న్యాయంగా కనిపించదు.

ఇక ఎగ్జిబిషన్. చాలామందికి అది పని అయిపోయాక చేసుకునే పండగ. నాకు మాత్రం మొత్తం థీసిస్‌లో అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది అదే, అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టిందీ అదే.

మొదట లైట్లు. స్టూడియోలో నా ట్యూబులైట్లు 6500 కెల్విన్ (వెలుతురు రంగుని కొలిచే లెక్క), పగటి వెలుతురుకి దగ్గరగా, కాస్త నీలం తిరిగి ఉంటాయి. హాల్లో స్పాట్‌లైట్లు 3000 కెల్విన్, పసుప్పచ్చటివి. ఇప్పుడే తడిసినట్టున్న నా గోడలన్నీ ఒక్కసారిగా ఎండిపోయాయి. నీలం మీద ఆధారపడ్డ ప్రతి బూడిదరంగూ గోధుమరంగులోకి జారిపోయింది. హాలు లైట్లు మార్చే అధికారం విద్యార్థికి ఉండదు కాబట్టి, ఏ బొమ్మ ఎక్కడ అనే వరసంతా తిరగరాసుకుని, కిటికీ పక్క గోడని నీలం బొమ్మలకి ఇచ్చాను. లైటు కోణం మాత్రం తిప్పుకోనిచ్చారు. ఎదురుగా వేస్తే గీకిన చోట్లు చదునైపోతాయి, పక్కనుంచి వాలుగా వేస్తే ప్రతి గట్టుకీ సన్నటి నీడ పడి పొరలు లేచి కనిపిస్తాయి. వాలుగా వేసిన లైటులో నా బొమ్మ నాకే కొత్తగా కనిపించింది.

తర్వాత పొరుగు బొమ్మలు. షెవ్రల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త గోబెలిన్ నేతశాలలో అద్దకం పని చూసేవాడు. నల్లదారం సరిగ్గా నల్లగా లేదని ఫిర్యాదులొస్తే, లోపం అద్దకంలో లేదనీ పక్కన నేసిన రంగు వల్ల అలా కనిపిస్తోందనీ తేల్చాడు, 1839లో దాని మీద పెద్ద గ్రంథమే వేశాడు. పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి తమకి వ్యతిరేకమైన రంగు వైపు నెడతాయి. ఇది మాకు క్లాసులో చెప్పారు, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ పాచి పట్టిన ఆకుపచ్చ గోడ బొమ్మకి ఆనించి, ఏ రంగూ తిరగని బూడిద బొమ్మని పెట్టినప్పుడు అది గులాబీ ఛాయ తిరగడం, ఆకుపచ్చ దాన్ని పక్కకి జరిపితే ఆ గులాబీ పోవడం, మళ్లీ తెస్తే రావడం, ఇదంతా నేల మీద కూర్చుని చూశాక గానీ ఆ పాఠం నాకు ఒంటబట్టలేదు.

ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్‌కి ఇది బాగా తెలుసు. 1832లో రాయల్ అకాడమీ ఎగ్జిబిషన్‌లో అతని సముద్రం బొమ్మ చల్లటి బూడిదరంగుల్లో ఉంది, పక్కనే కాన్‌స్టబుల్ అనే ఇంకో చిత్రకారుడు వేసిన వాటర్లూ వంతెన ప్రారంభోత్సవం ఎర్రెర్రగా వెలిగిపోతోంది. ఎగ్జిబిషన్ తెరిచేముందు బొమ్మలకి వార్నిష్ వేసుకోడానికి సభ్యులకి కొన్ని రోజులిచ్చేవారు. టర్నర్ వచ్చి రెండు బొమ్మల్నీ మార్చిమార్చి చూసి, తన బూడిద సముద్రం మీద ఒకే ఒక్క ఎర్రటి చుక్క పెట్టి వెళ్లిపోయాడు. పక్క బొమ్మలోని ఎరుపులన్నీ వెలవెలబోయాయి. తర్వాత ఆ చుక్కని ఓడలకి దారి చూపడానికి నీళ్ల మీద తేలే గుర్తుగా, బోయగా, దిద్దాడు. ఇద్దరి మధ్య పోటీ కథగా దీన్ని చెప్పుకుంటారు గానీ నాకు అందులో పట్టేది వేరే విషయం. ఆ సముద్రానికి ఆ చుక్క కావాలని స్టూడియోలో తెలిసే అవకాశం లేదు. గోడెక్కాకే తెలిసింది. నూనెరంగు ఆరకముందే ఎగ్జిబిషన్ తేదీ ముంచుకొచ్చి హడావిడి పడే మాలాంటి విద్యార్థులకి ఈ కథ ఎంత ధైర్యమిస్తుందో!

ఎత్తు గురించి కూడా చెప్పాలి. మామూలు నియమం ఏమిటంటే బొమ్మ నడిమధ్య నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో ఉండాలి, నిలబడ్డ మనిషి కంటికి సరిగ్గా. 48 అంగుళాల ఎత్తున్న కాన్వాసు నడిమధ్యని 58 దగ్గర పెట్టాలనుకుంటే పై అంచు 82 దగ్గరికొస్తుంది. వెనక వైరు బిగువుగా లాగినప్పుడు పై అంచుకి 4 అంగుళాల కిందకొస్తే మేకు 78 దగ్గర కొట్టాలి. చిన్న బొమ్మలన్నీ ఇలా టేపు పట్టుకుని లెక్కకట్టే పెట్టాం. పెద్దవాటికి మాత్రం ఆ నియమం పక్కన పెట్టేశాను. గోడ నేల నుంచి లేస్తుంది, గాల్లో వేలాడదు. మార్క్ రోత్కో 1961లో లండన్ వైట్‌చాపెల్ గ్యాలరీ వాళ్లకి పంపిన సూచనల్లో పెద్ద బొమ్మల్ని వీలైనంత నేలకి దగ్గరగా, ఆరంగుళాలకి మించకుండా పెట్టమన్నాడు. గోడలు మరీ తెల్లగా ఉండకూడదనీ, ఉంటే ఎరుపు ఎక్కువున్న తన బొమ్మలతో కొట్లాడుతూ ఆకుపచ్చ తిరుగుతాయనీ కూడా హెచ్చరించాడు. జెరికో వేసిన తెప్ప బొమ్మని కూడా 1820లో లండన్‌లో ఈజిప్షియన్ హాల్లో పెట్టినప్పుడు నేలకి దగ్గరగా కట్టారు, చూడటానికి దాదాపు 40,000 మంది వచ్చారు. దాదాపు 16 అడుగుల ఎత్తూ 23 అడుగుల వెడల్పూ ఉన్న ఆ బొమ్మ, తెప్ప మీదికి ఇంకో అడుగేస్తే ఎక్కేస్తాం అనిపించేంత దగ్గరగా ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. నా పెద్ద కాన్వాసుల్ని నేలకి జానెడు ఎత్తులో పెట్టాను. ఒక జూనియర్ అమ్మాయి వచ్చి, "అక్కా, దూరం నుంచి హాలు గోడే పాడైందనుకున్నా" అంది. ఆ ఒక్క మాటకి ఆ రోజంతా నా కాళ్లు నేల మీద నిలవలేదు.

రోత్కో చెప్పిన తెల్లగోడ బెడద నాకూ తగిలింది. అన్నిటికన్నా తెల్లటి నా కాన్వాసు, నేను బాగా ఇష్టపడ్డది, హాలు పెయింటు తెలుపు ముందు మాసిన గుడ్డలా అయిపోయింది. దాన్ని తీసేశాను. వైవాలో మొదటి ప్రశ్న దాని మీదే, "ముందు రాసిచ్చిన సినాప్సిస్‌లో ఉన్న బొమ్మ ఒకటి తగ్గిందేం?" నేను కారణం చెప్పాను, చూపించాను కూడా, లోపల్నుంచి తెచ్చి గోడకి ఆనించి పెట్టి. ఒప్పుకున్నారు. అయితే ఆ ప్రశ్న వచ్చిన దిక్కు చూడండి, కాగితం నుంచి గోడకి. గోడని చూసి కాగితాన్ని మార్చుకోవాలని ఎవరికీ తట్టలేదు.

హాలు గుమ్మం దగ్గర విద్యార్థి పరిచయ పత్రం, స్టేట్‌మెంట్ అంటించడం రివాజు. మొదటి రోజు నాదీ అక్కడే ఉంది. వచ్చినవాళ్లు అది చదివేవారు, తలెత్తి బొమ్మ వైపు చూసేవారు, "ఆఁ, జ్ఞాపకాలు, అవును, కనిపిస్తున్నాయి" అనుకుంటూ తలాడించి తర్వాతి దాని దగ్గరికి నడిచేవారు. ఒకరు కాదు ఇద్దరు కాదు. నేను మూల కుర్చీలో కూర్చుని చూస్తూనే ఉన్నాను. బొమ్మ ఆ పత్రానికి సాక్ష్యం చెప్పడానికి వచ్చినట్టుంది. రెండోరోజు దాన్ని పీకి బయటికెళ్లే తలుపు పక్కన అంటించాను. మనుషులు మారిపోయారు! ముందు కాస్త తికమకపడేవారు, ఎటు పోవాలో తోచక. తర్వాత దగ్గరికెళ్లేవారు. ఒకావిడ గీకిన చోట ముక్కు ఆనించేంత దగ్గరగా నిలబడి, "ఇది వేసిందా, పోయిందా?" అని అడిగింది. రెండూ అన్నాను. ఇంకొకాయన మరకలో పడుకున్న కుక్కని కనిపెట్టి పక్కవాళ్లకి చూపించాడు, లియొనార్డో మాట నిజం చేస్తూ. నేను కుక్కని వెయ్యలేదు, అయినా ఆయన ఆ బొమ్మ దగ్గర చాలాసేపు ఉన్నాడు, నాకు అది చాలు.

స్టేట్‌మెంట్ అనేది ఎలా ఉండాలో నాకు నచ్చిన నమూనా ఒకటుంది. 1951లో న్యూయార్క్‌లో బెట్టీ పార్సన్స్ గ్యాలరీలో చిత్రకారుడు బార్నెట్ న్యూమన్ తన ఎగ్జిబిషన్‌కి ఒక చిన్న కాగితం టైపు చేసి పెట్టాడు. పెద్ద బొమ్మల్ని జనం దూరం నుంచి చూస్తుంటారనీ, ఇక్కడున్న పెద్ద బొమ్మలు దగ్గర నుంచి చూడటానికి వేసినవనీ అందులో ఉంది. అంతే. అర్థం ఏమిటో చెప్పలేదు, ఎక్కడ నిలబడాలో చెప్పాడు. బొమ్మలు అన్నీ తయారై, గోడ మీద పెట్టి, వాటి ముందు తను నిలబడి చూసినవాడు మాత్రమే రాయగల మాట అది.

వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ మేడమ్ ఒకావిడ బొమ్మకి ఎదురుగా నిలబడకుండా పక్కకెళ్లి, గోడకి చెంప ఆనించినట్టు వంగి, ఉపరితలాన్ని వాలుగా చూసి అడిగారు: "గీకడం ఎక్కడ ఆపాలో నీకెలా తెలుస్తుంది?" ఇన్నాళ్లలో ఎవరూ అడగని ప్రశ్న, నేను నిజంగా జవాబు చెప్పగలిగిన ప్రశ్న. కింది పొర వేరే ప్రదేశంలా కనిపించినంతసేపూ గీకొచ్చు, అది పై పొరతో కలిసి ఒకే గోడ అయిపోగానే ఆపాలి, ఒక్క లాగుడు ఎక్కువైనా ఉత్త కాన్వాసు బయటపడుతుంది, దాన్ని ఇంక ఏ రంగుతోనూ కప్పలేం, అన్నాను. పూర్తవడం అంటే ఏమిటో ముందే తెలిసినవాళ్లు ఎవరుంటారు? 1899లో బొమ్మల వ్యాపారి వోలార్ బొమ్మ వేస్తూ సెజాన్ అతన్ని వందసార్లకి పైగా కూర్చోబెట్టాడు, చేతి మీద రెండు చిన్న చోట్లు ఉత్త కాన్వాసుగానే వదిలేశాడు. ఎందుకని వోలార్ అడిగితే, అక్కడ ఏదో ఒక రంగు పెట్టేస్తే అక్కణ్ణుంచి బొమ్మంతా మళ్లీ వెయ్యాల్సొస్తుందని చెప్పాడట.

మేడమ్ అడిగిన ప్రశ్నకి నేనిచ్చిన జవాబు నా థీసిస్ పుస్తకంలో ఒక్క ముక్క కూడా లేదు. లైట్ల సంగతి లేదు, గులాబీ తిరిగిన బూడిద లేదు, తీసేసిన తెల్ల కాన్వాసు లేదు, జానెడు ఎత్తు లేదు. ఎందుకంటే ఆ పుస్తకాన్ని ఎగ్జిబిషన్‌కి ముందే బైండు చేయించి ఇచ్చెయ్యాలి. లైబ్రరీలో దాచేదీ, రేపు జూనియర్లు తీసి చదివేదీ అదే. బంగారు అక్షరాల అట్ట లోపల ఉన్నది నేను బొమ్మలు వెయ్యకముందు అనుకున్నది.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు, స్నేహితులతో చాలాసార్లు వాదించాను కూడా. ప్రపోజల్ లేకపోతే పిల్లలు దారీతెన్నూ లేకుండా తిరుగుతారంటారు. నిజమే, హద్దు కావాలి. హద్దు మాత్రం అర్థం చుట్టూ గియ్యకండి, పని చుట్టూ గియ్యండి. మార్కులెలా వేస్తారంటారు. బొమ్మలు ఎలా మారుతూ వచ్చాయో చూసి వెయ్యండి. మతీస్ 1945లో పారిస్‌లోని మేట్ గ్యాలరీలో పూర్తయిన బొమ్మల చుట్టూ అవి తయారైన దశల ఫోటోలు పెట్టి చూపించాడు, ఇవాళ ఫోన్ లేని విద్యార్థి లేడు, దశలు ఫోటో తియ్యడం కష్టమేమీ కాదు. అన్నిటికన్నా బలమైన అభ్యంతరం మాత్రం ఒకటుంది: ఎగ్జిబిషన్ అయిపోయాక ఎవరూ రాయరు, ఉద్యోగాల వేటలో పడిపోతారు, ఊళ్లు మారిపోతారు. దీనికి నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే, ఆ రాత అందాకే సర్టిఫికెట్ ఇవ్వండి. కఠినంగా అనిపించొచ్చు. బొమ్మ పుట్టకముందే దాని గురించి ముప్ఫై పేజీలు రాయించడం కన్నా కఠినం కాదు.

ప్రపోజల్ మళ్లీ రాయమంటే ఒకే పేజీ రాస్తాను. దేన్ని చూడబోతున్నాను, ఏ గోడలు, ఏ వేళల్లో. కాన్వాసు ఎంత సైజు, ఎందుకంత. ఏ రంగులు, ముఖ్యంగా ఏ తెలుపు. ఎన్ని పొరలు, పొరకీ పొరకీ మధ్య ఎంత ఆగుతాను. ఏం చెయ్యనని మాటిస్తున్నాను. వీటిలో ఏది ఎప్పుడు మారినా తేదీతో సహా పక్కన రాసి పెడతాను. ఇలాంటి పేజీ పట్టుకుని రివ్యూకి వచ్చినవాళ్లు "జ్ఞాపకం ఎక్కడుంది" అని అడగరు, "ఈ పొర ఎందుకు మార్చావు" అని అడుగుతారు, అక్కణ్ణుంచి మాట ముందుకి సాగుతుంది.

నా అసలు రాతని ఇప్పుడు మొదలుపెట్టాను, ఎవరూ అడగకపోయినా. బొమ్మల్ని చుట్టలు విప్పి గదిలో వెలుతురు తగిలే చోట పెట్టుకున్నాను. అవిసె నూనెరంగుని చీకట్లో, గోడవైపు తిప్పి ఉంచితే పసుపెక్కుతుంది, వెలుతురులోకి తెస్తే ఆ పసుపు చాలావరకు పోతుంది. పెట్టెలో ఉండి పచ్చబడ్డ తన బొమ్మని ఎండలో పెట్టి బాగుచేసుకోమని రూబెన్స్ ఉత్తరంలో రాశాడు. వార్నిష్ వెయ్యాలంటే రంగు ఇంకా ఆరాలి, చాలా నెలలు పడుతుంది. ఈలోపు రోజూ వీటిని చూస్తూ రాయొచ్చు.

పెయింటింగ్ విభాగాల్లో పాఠాలు చెప్పే సర్లూ మేడమ్‌లూ ఎవరైనా ఇది చదువుతుంటే నా విన్నపం ఒకటి. వచ్చే బ్యాచ్‌లో ఒక్క ఏడాదికి ఇలా చేసి చూడండి. ప్రపోజల్‌కి ఒక పేజీ చాలనండి, ఎగ్జిబిషన్ మధ్యలో ఒకరోజు విద్యార్థి తన బొమ్మల వరస తనే మార్చుకోడానికి హాలు మూసివుంచండి, రాతప్రతికి గడువు ఎగ్జిబిషన్ ముగిసిన నెల తర్వాత పెట్టండి. వచ్చిన పేజీలు పాతవాటి పక్కన పెట్టి మీరే చదవండి.